ఉడకబెడితే పోదా?

తీరంలో ఏరిన ఆల్చిప్పల్లో ప్లాస్టిక్ పోగులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం నా పని. పొద్దున్న ల్యాబ్‌కి వెళ్ళగానే ముందు బ్లాంక్ చూశా. బ్లాంక్ అంటే ఆల్చిప్ప మాంసం ఏమీ వెయ్యకుండా ఆ మాంసాన్ని కరిగించడానికి వాడే పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని మాత్రమే మిగతా సీసాలతో పాటు 60 డిగ్రీల్లో ఒక రోజంతా ఉంచి, అలాగే వడగట్టి, మైక్రోస్కోప్ కింద చూడ్డం, అందులో ఏమీ కనపడకూడదు. 3 నీలం పోగులు కనపడ్డాయి. ఆల్చిప్పల్లో దొరికినవీ నీలం పోగులే, వేడి సూది దగ్గరికి తీసుకెళ్తే ముడుచుకుపోతున్నాయి అంటే ప్లాస్టిక్కే, కానీ అవి సముద్రంలోంచి వచ్చాయో నా చున్నీలోంచి రాలాయో ఇంక చెప్పలేను. పైన కాటన్ కోటు వేసుకున్నాను గానీ చున్నీ కొసలు బయటే ఉన్నాయి. 30 ఆల్చిప్పల బ్యాచ్ మొత్తం పక్కన పెట్టేశా. చాలా బాధేసింది, అవన్నీ ప్రాణం ఉన్నవి కదా.

ఈ పచ్చ ఆల్చిప్ప పీచులతో రాయిని కరుచుకుని ఉన్నచోటే ఉండిపోతుంది, గంటకి లీటర్లకొద్దీ నీళ్ళు మొప్పల్లోంచి లాగి, వడగట్టుకుని తింటుంది. నీళ్ళు బాగోకపోతే చేప ఇంకో చోటికి ఈదుకుంటూ పోతుంది, ఇది ఎక్కడికి పోతుంది? అందుకే 1975లో ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే సముద్ర రసాయన శాస్త్రవేత్త, తీరంలో నీళ్ళు ఎలా ఉన్నాయో తెలియాలంటే ఆల్చిప్పల్ని చూడాలన్నాడు, అమెరికాలో 1986 నుంచి మసెల్ వాచ్ (మసెల్ అంటే ఈ రకం ఆల్చిప్పే) అని అదే పని చేస్తున్నారు.

మధ్యాహ్నం సముద్రం బాగా వెనక్కి తగ్గే టైముకి మళ్ళీ రాళ్ళ దగ్గరికి వెళ్ళా, విశాఖలో గెడ్డ, అంటే వాగు, వచ్చి సముద్రంలో కలిసే చోటు, ఊళ్ళో మురుగంతా నల్లగా అక్కడికే వస్తుంది. ఎప్పుడూ కనపడే పెద్దమ్మ అప్పటికే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఇనప చువ్వతో గుల్లలు పీకుతోంది.

"మళ్ళీ వచ్చినావేటమ్మా, ఈటిలో ఏటున్నాదో తేలినాదా?"

ఇంకా లేదు పెద్దమ్మా, మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి అన్నా. ఆ మాట చెప్తుంటే మొహం చెల్లలేదు, పోయిన నెల కూడా అదే చెప్పా.

"బాగా ఉడకబెడితే పోదా?"

ఉడకబెడితే క్రిములు చస్తాయి గానీ సీసం, కాడ్మియం లాంటి లోహాలు పోవు, ప్లాస్టిక్ పోగులూ పోవు, చేపకైతే పొట్ట తీసేసి వండుతాం, దీన్ని పొట్టతో సహా తింటాం కదా అన్నా. "పొట్ట తీసేస్తే ఇంకేటి మిగుల్తాది" అంది. నిజమే, గుల్ల విప్పితే ఉండేదే బొటనవేలంత.

కాడ్మియం అయితే కిలోకి 2 మిల్లీగ్రాములు దాటకూడదని ఆహారానికి అంతర్జాతీయ ప్రమాణాలు పెట్టే కోడెక్స్ వాళ్ళ హద్దు ఒకటుంది, ప్లాస్టిక్ పోగులకి అలాంటి హద్దే ఎవరూ పెట్టలేదు, రేపు నా లెక్క సరిగ్గా వచ్చినా సరే తినొచ్చో లేదో ఒక్క మాటలో ఆవిడకి చెప్పడానికి కుదరదు. అందుకే తెలిసినంత వరకు చెప్పా, గెడ్డ మూతి దగ్గరవి వద్దు పెద్దమ్మా, వాన పడ్డాక నాలుగు రోజులు అసలే వద్దు, అదిగో ఆ పక్క రాళ్ళ మీదవి తీసుకో అని. ఆవిడ అటు చూసి "అక్కడికెల్తే కెరటం కొట్టేస్తాదమ్మా" అంది, మళ్ళీ వంగి చువ్వ దించింది. నాకు ఇంకేం చెప్పాలో తోచలేదు, పక్కనే నేనూ వంగి కత్తితో పీచులు కోసుకుంటూ, 6 నుంచి 7 సెంటీమీటర్లు ఉన్నవి మాత్రం ఏరుకున్నా, సైజు మారితే లెక్క మారిపోతుంది.

ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, కడిగి ఒక్కోదాన్నీ అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి ఫ్రీజర్లో పెట్టా, లేబుల్ మీద తేదీ, గెడ్డ మూతి అని రాశా. ఇంకో కవర్లో కెరటం కొట్టే రాళ్ళవి కూడా 12 ఉన్నాయి, తడిసి ముద్దయ్యి తెచ్చా. రేపు చున్నీ లేకుండా వెళ్తా, ఈసారి బ్లాంకులు 5.