లక్షా ఇరవై రెండు వేల నాలుగు వందల లీటర్లు

మన బడి నుంచి బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వెళ్లిన మొదటి జట్టు మాదేనని గుర్తుచేసి, ఆ ఘనకార్యం గురించి రాయమన్నారు సంచిక బాధ్యులు. వెళ్లిన మాట నిజమే. ఒంగోలు దాకా వెళ్లి, సాయంత్రం బస్సుకి తిరిగి వచ్చేశాం.

అది 2004. మేం ఏడో తరగతి. ఏడుకు కామన్ పరీక్షలు ఉన్న రోజులు కాబట్టి ఇళ్లలో ఎవరికీ ఈ వ్యవహారం నచ్చలేదు. "దీనికి మార్కులేమైనా వేస్తారా?" అని అడిగారు మా నాన్న. వేయరన్నాను. ఆయన పేపరు చదువుకోవడంలో పడిపోయారు. దాన్నే అనుమతి అనుకున్నాను.

అప్పటిదాకా మనకు తెలిసిన సైన్స్ పోటీ అంటే బంకమట్టి అగ్నిపర్వతం, దాని నోట్లో వంటసోడా, పైన నిమ్మరసం. నిరుటి కొండకే మళ్లీ రంగు పూసి తీసుకెళ్లినా అడిగేవారు లేరు. ఇది అలాంటిది కాదని సైన్స్ మాస్టారు ముందే హెచ్చరించారు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఆధ్వర్యంలో 1993 నుంచి జరుగుతున్న ఈ పోటీలో కొండలూ కోనలూ చెల్లవు. ఐదుగురు పిల్లలు జట్టు కట్టి, సొంత ఊళ్లో ఒక సమస్యను పట్టుకుని, దాన్ని స్వయంగా కొలిచి, ఏం తేలిందో చెప్పాలి. పదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వరకు ఒక విభాగం, ఆపైన పదిహేడు దాకా మరొకటి. జిల్లాలో గెలిస్తే రాష్ట్రం, రాష్ట్రంలో గెలిస్తే డిసెంబరు చివర జాతీయ స్థాయి. ఇప్పుడు జట్టుకు ఇద్దరినే తీసుకుంటున్నారట. మా రోజుల్లోనూ ఇద్దరే అయితే ఈ వ్యాసానికి కథే ఉండేది కాదు.

2004, 2005 రెండేళ్లకూ కలిపి ఇచ్చిన అంశం నీటి వనరులు. సాగర్ కుడి కాలువ చివర బతికే ఊరికి ఇంతకన్నా దగ్గరి అంశం ఏముంటుంది? కాలువ వదిలినప్పుడు చెరువు నింపుకుని, మళ్లీ వదిలేదాకా ఆ నీళ్లే తాగిన వాళ్లం. వీధి కుళాయిల దగ్గర ఎన్ని నీళ్లు వృథా అవుతున్నాయో తేల్చాలని నిర్ణయించాం. ఊరంతా తిరిగి లెక్కపెడితే 41 కుళాయిలు. అందులో 17 కుళాయిలకు తిప్పే పిడే లేదు. ఎవరో మొక్కజొన్న కండెకు గుడ్డపీలిక చుట్టి మూతికి బిగించేవారు. ట్యాంకు వదలగానే అది బాణంలా ఎగిరి ఎదురింటి అరుగు మీద పడేది.

పాలకేంద్రం నుంచి లీటరు కొలత తెచ్చాం. మా మేనమామ ఇచ్చిన డిజిటల్ వాచీ నా చేతికి ఉంది కాబట్టి లీడరును నేనే. పన్నెండు సెకన్లకు లీటరు నిండింది. అంటే నిమిషానికి 5, గంటకు 300. అక్కడితో ఆగినా బాగుండేది. నేను 24తో గుణించాను, వచ్చినదాన్ని 17తో గుణించాను. రోజుకు 1,22,400 లీటర్లు! ఆ అంకెను ఎర్ర స్కెచ్ పెన్నుతో చార్టు మధ్యలో అరచేతి ఎత్తున రాశాను. మాస్టారు చార్టును చాలాసేపు చూశారు. "అక్షరాలు బాగున్నాయిరా" అన్నారు.

దర్జీ గారి అమ్మాయి మా జట్టులో ఐదోది. దస్తూరి గుండ్రంగా ఉంటుందని లాగ్ పుస్తకం రాసే పని ఆమెకు అప్పగించి, ఆ సంగతి మరిచిపోయాం. ఆమె మాత్రం పోస్టాఫీసు పక్క కుళాయి దగ్గర ఐదు రోజులు పొద్దునా సాయంత్రం కూర్చుంది. ఒక పేజీ నాకు ఇంకా గుర్తుంది: "6.10 నీళ్లు వచ్చాయి. 6.31 వరకు బిందెలు వరసలో. 6.31 నుంచి 6.35 ఎవరూ లేరు, నీళ్లు మురుగు కాలవలోకి. 6.35 గేదెను కడిగారు. ఇది వృథా అవునా, కాదా? మాస్టారిని అడగాలి."

ఒంగోలులో మాకిచ్చింది ఎనిమిది నిమిషాలు. బట్టీపట్టింది గడగడా అప్పజెప్పాను. ఎర్రంకె దగ్గరికి రాగానే గొంతు పెంచాను కూడా. న్యాయనిర్ణేతల్లో ఒక మేడమ్ కళ్లజోడు పైకి జరిపి, "బాబూ, మీ ఊరి ట్యాంకులో ఎన్ని నీళ్లు పడతాయి?" అన్నారు. 60,000 లీటర్లని ట్యాంకు మీదే రాసి ఉంటుంది, టక్కున చెప్పాను. "రోజుకు ఎన్నిసార్లు నింపుతారు?" రెండుసార్లన్నాను. "మరి లక్షా ఇరవై వేలలో లక్షా ఇరవై రెండు వేల నాలుగు వందలు వృథాగా పోతే, ఊళ్లో వాళ్లు ఏం తాగుతున్నారు నాయనా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను చార్టు వైపు తిరిగి నిలబడ్డాను, జవాబు అక్కడెక్కడో ఉన్నట్టు.

ఆవిడ లాగ్ పుస్తకం అడిగి తీసుకున్నారు. రెండు పేజీలు తిప్పి, "ఇది రాసిందెవరు?" అన్నారు. దర్జీ గారి అమ్మాయి చెయ్యెత్తింది. ఆ తర్వాత మాటలన్నీ వాళ్లిద్దరి మధ్యే. నీళ్లు వచ్చేది పూటకు గంటా పావు, రోజుకు 150 నిమిషాలు. బిందె గానీ బకెట్ గానీ కింద లేని సమయం సగటున 54 నిమిషాలు. ఆ ఒక్క కుళాయి దగ్గర రోజుకు 270 లీటర్లు. "మిగతా పదహారింటి దగ్గర?" అని మేడమ్ అడిగితే, "అక్కడ నేను కూర్చోలేదండీ" అంది. ఆవిడ పుస్తకం మూసి రెండు చేతులతో తిరిగి ఇచ్చారు.

రాష్ట్ర స్థాయికి మరో బడి వెళ్లింది. వాళ్లది చేపల చెరువుల మీద మంచి పని, ఒప్పుకోవాలి. బస్టాండులో మాస్టారు మిరపకాయ బజ్జీలు కొనిపెట్టారు. పోటీ ఊసే ఎత్తలేదు. మా లెక్క తప్పని ఆయనకు ముందే తెలుసునని నా అనుమానం. మొన్నటి కలయికలో ధైర్యం చేసి అడిగేశాను. "ఏ లెక్కరా?" అని లడ్డూ తుంచుకుంటూ నవ్వారు.

తర్వాత పంచాయతీ వాళ్లు తొమ్మిది కుళాయిలకు పిడులు బిగించారు. నెల తిరక్కుండానే మూడింటిని ఎవరో విప్పుకుపోయారు. పోస్టాఫీసు పక్కది మాత్రం చాలాకాలం ఉంది.

ఒక విన్నపం. ఆ లాగ్ పుస్తకం పదో తరగతి అయ్యేదాకా ల్యాబు బీరువాలో కింది అరలో ఉండేది. గోధుమరంగు కాగితం అట్ట, లోపల కొన్ని పేజీలకు నీటి మరకలు. గది మార్చినప్పుడు ఎవరైనా ఇంటికి తీసుకెళ్లి ఉంటే తెచ్చి ఇవ్వండి. రాసినావిడ అడుగుతోంది.