పదకొండు గంటలు కొట్టే వేళకు

మే 27, బుధవారం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిది దాటిన తరువాత వీధిలోకి అడుగు పెడితే ఆ మాటలో అతిశయోక్తి ఏమీ కనిపించదు. బడులు తెరవడానికి జూన్ రెండో వారం రావాలి. అంతవరకు ఆరేళ్ళ అమ్మాయినీ నాలుగేళ్ళ అబ్బాయినీ నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టడం న్యాయం కాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో, ఎక్కడికి వెళ్ళాలన్న దానికన్నా ఏ వేళకు బయలుదేరి ఏ వేళకు ఇల్లు చేరాలన్నదే ముందుగా ఆలోచించవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను. నెహ్రూ జంతు ప్రదర్శనశాలకు వెళదామని అమ్మాయి పట్టుబట్టింది కానీ, 380 ఎకరాల ఆవరణలో ఈ ఎండకు తమ్ముడు నడవలేడని చెప్పి, దానిని వానలు పడ్డాకకు వాయిదా వేశాను. ఈ రోజుకు సాలార్‌జంగ్ మ్యూజియం ఖాయం చేసుకున్నాము.

అత్తగారు కూడా వస్తానన్నారు. మజ్జిగ సీసాలు, తడి తువ్వాలు, పిల్లల టోపీలు సర్దుకుని, మెట్రోలో ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఆటోలో మూసీ దాటి, తలుపులు తీసిన కాసేపటికే లోపల ఉన్నాము. నిజాం కాలంలో దివానుగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులే ఇక్కడ ఎక్కువ. ఆయన 1949లో కన్నుమూసిన తరువాత, 1951లో ఆయన నివాసమైన దివాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభమై, 1968లో ఇప్పటి భవనానికి మారింది. ముప్పైకి పైగా ఉన్న గదులన్నిటినీ ఒక్క పూటలో చూపించాలని పిల్లల చేతులు పట్టుకుని పరుగులు పెట్టే తల్లిదండ్రులను చూస్తే నాకు జాలి కలుగుతుంది. ఆ వయసు పిల్లలకు మూడు వస్తువులు చాలు, అయితే వాటి ముందు తొందరపెట్టకుండా నిలబడనివ్వాలి.

మొదటిది జంట కొయ్యబొమ్మ. ముందువైపు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ (జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని సైతాను), వెనుకవైపు తలవంచుకున్న మార్గరెట్టా (అదే నాటకంలోని అమాయకురాలైన అమ్మాయి), ఇద్దరూ ఒకే దుంగలో ఉన్నారు. వెనుక పెట్టిన అద్దంలో ఆమె కనబడగానే అమ్మాయి అటు వెళ్ళి చూసి, ఇటు వచ్చి చూసి, ఆ ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలుసా అని అడిగింది. నాకు వెంటనే జవాబు తోచలేదు. రెండవది ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా, అంటే మేలిముసుగు వేసుకున్న బైబిలు కథలోని స్త్రీ విగ్రహం. పాలరాతిని అంత పలుచని మేలిముసుగుగా ఎలా చెక్కగలిగాడా అని అత్తగారు చాలాసేపు అక్కడే నిలిచిపోయారు. అబ్బాయికి మాత్రం ఆ ముసుగు తీసి చూడాలని ఉంది.

పదకొండుకు పావుగంట ముందే సంగీత గడియారం ముందు చోటు చూసుకున్నాము. కలకత్తాకు చెందిన కుక్ అండ్ కెల్వీ సంస్థ పేరున్న ఈ గడియారంలో, గంట కావడానికి మూడు నిమిషాల ముందు గడ్డం మనిషి బొమ్మ ఒకటి బయటికి వచ్చి, సమయమెంతో అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్ళిపోతుంది. పన్నెండు గంటలకైతే దెబ్బలు ఎక్కువని చాలామంది ఆ వేళకే వస్తారు. కానీ అది చూసి బయటపడితే నడినెత్తిన ఎండ, పైగా పిల్లల ఆకలి. అందుకే మేము పదకొండును ఎంచుకున్నాము. జనం గడ్డం మనిషి వచ్చే తలుపు వైపు చూస్తుంటే, మా అబ్బాయి చూపు మాత్రం సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతున్న కమ్మరి బొమ్మ మీదే ఉంది.

గంట మోగడం మొదలవగానే ఇద్దరూ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టారు. అబ్బాయికి పది దాకానే వచ్చు. చేతివేళ్ళు అయిపోయాక ఇంకో దెబ్బ వినబడేసరికి వాడు తెల్లబోయి అక్క వైపు చూశాడు, అక్క “పదకొండు” అని అందించింది, వాడు దానిని ఇంటికి వచ్చేదాకా వల్లిస్తూనే ఉన్నాడు. ఏ పుస్తకం ముందు పెట్టుకున్నా నేను ఇంత సులువుగా నేర్పగలిగేదానిని కాను.

జనం లేచి వెళ్ళిపోతున్నా వాడు కదలలేదు.

“నానమ్మా, ఆ తాత లోపలికి వెళ్ళిపోయాడు కదా, ఈయన ఎందుకు వెళ్ళడు?”

“ఈయన పని ఇంకా అవలేదు నాన్నా. ఈయన కొడుతూ ఉంటేనే ఆ తాత మళ్ళీ వస్తాడు.”

ఆ జవాబు వాడికి నచ్చింది. కమ్మరికి చేయి ఊపి మరీ బయలుదేరాడు.

పన్నెండున్నరకు ఇల్లు చేరాము. దారిలో కొన్న ముంజలు, కొత్త ఆవకాయతో పెరుగన్నం తిని పిల్లలు నిద్రపోయారు. సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లుతూ, వచ్చే వారం మళ్ళీ అక్కడికే వెళ్ళి పిల్లల విభాగంలోని బొమ్మలు చూద్దామని నిర్ణయించుకున్నాము. శుక్రవారం మ్యూజియానికి సెలవు కాబట్టి మళ్ళీ బుధవారమే అనుకున్నాము. అమ్మాయి ఈసారి పన్నెండు దెబ్బలూ వినాలంటోంది. అలాగైతే అన్నం డబ్బాలు కూడా తీసుకుని, అక్కడే ఏదైనా నీడన తిని, ఎండ తగ్గాక తిరిగి రావాలి. తమ్ముడి మధ్యాహ్నం నిద్ర సంగతి మాత్రం ఇంకా తేలలేదు.