ఒంటి గ్లౌజు, పదో నంబరు స్పానరు

మంగళవారం

పొద్దున్న సైకిల్ మీద 24 కిలోమీటర్ల దారిలో రోడ్డు వార కనిపించినవి: ఎడమ చేతి గ్లౌజు ఒకటి, పదో నంబరు స్పానరు ఒకటి, కారు చక్రం మూత, కొక్కేలున్న సాగే తాడు, రెండు తాళంచెవుల గుత్తి. లారీ టైరు పెచ్చులు లెక్కపెట్టలేదు. మామూలు రోజు పంట ఇంతే.

కార్లో పోయేవాళ్లకి ఇవేవీ కంటికి ఆనవు. సైకిల్ తొక్కేవాళ్ల చూపు ఎలాగూ గుంతల కోసం, గాజుపెంకుల కోసం నేల మీదే ఉంటుంది. పైగా సైకిల్ నడిచేదే చెత్త చేరే పట్టీ మీద. నీళ్లు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకి వాలుగా వేస్తారు. మీటరుకి రెండు, రెండున్నర సెంటీమీటర్ల వాలు. కింద పడ్డ వస్తువుని పోయే బండ్ల టైర్లూ గాలీ తోసుకుంటూ పోతాయి, వాలు తన వైపు లాగుతుంది. టైర్లు తొక్కని చోటికి చేరాక అక్కడే ఆగిపోతుంది. తెల్ల గీత పక్కన అడుగు, అడుగున్నర మేర ఇసుక పేరుకుని ఉంటుందే, అదే ఆ చోటు.

ఎక్కడ పడి ఉందో చూస్తే ఎలా పడిందో సగం తెలిసిపోతుంది. స్పీడ్ బ్రేకరు దాటగానే, రైలు పట్టాలు దాటగానే దొరికేవి కుదుపుకి జారినవి: నట్లు, పనిముట్లు, సామాను కట్టిన తాళ్లు. మలుపుల్లో బయటి అంచున దొరికేవి ట్రక్కు మీంచి దొర్లినవి. బండ్లు ఆపుకునే చోటు నుంచి రోడ్డెక్కాక మొదటి మలుపు దగ్గర కనిపించేవి కారు పైకప్పు మీద పెట్టి మరిచిపోయినవి. ఫోన్లు, పర్సులు, కళ్లద్దాలు అక్కడే ఎక్కువ.

చూసిన ప్రతిదానికీ ఆగడం మాత్రం తెలివితక్కువ. 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఎనిమిది మీటర్ల పైనే. పది మీటర్ల దూరంలో కంటపడిన వస్తువుని చూసి బ్రేకు నొక్కితే వెనకాల వచ్చేవాడు వచ్చి మీద పడతాడు. దాటి పోవాలి. వెనక్కి చూసుకుని, చెయ్యి చూపించి, తిన్నగా ఉన్న చోట రోడ్డు దిగి, సైకిల్‌ని తెల్ల గీతకి బాగా అవతల నిలబెట్టి, ఎదురొచ్చే బండ్లు కనిపించే వైపు నడిచి రావాలి. మలుపులో, వంతెన మీద, దిగుడులో ఏం దొరికినా వదిలెయ్యడమే.

స్పానరు సంగతి. పదో నంబరే ఎందుకు ఇంతగా దొరుకుతుందంటే కారు బానెట్ కింద చిన్న బోల్టులు చాలావరకు ఎం6వి, అంటే ఆరు మిల్లీమీటర్ల మందానివి, వాటి తలకి పట్టేది పదో నంబరే. బ్యాటరీ క్లాంపులకి కూడా చాలా కార్లలో అదే. పని మధ్యలో బ్యాటరీ పక్కనున్న అంచు మీద పెడతారు, బానెట్ మూసేస్తారు, బండి గుంతలో పడ్డప్పుడు స్పానరు రోడ్డు మీద పడుతుంది. ఇవాళ్టిది పైకి తుప్పు పట్టింది కానీ వంగలేదు. ముందు చూడాల్సింది దాని నోరు. కొత్త పదో నంబరు బోల్టు తల మీద పెట్టి కదిలిస్తే వదులుగా ఆడకూడదు. బండి ఎక్కడం వల్ల నోరు విచ్చుకుని ఉంటే బోల్టు మూలలు గుండ్రంగా కొరికేస్తుంది, అలాంటిది ఇనుప సామానులోకి పోవాల్సిందే.

బాగుంటే వైరు బ్రష్‌తో మట్టి దులిపి, లీటరు నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టాలి. అంతకు మించి ఉంచితే తుప్పు అయిపోయాక ఇనుమునే తినడం మొదలెడుతుంది. తీశాక వంటసోడా నీళ్లలో కడిగి వెంటనే తుడవాలి. తడి మీద వదిలేస్తే నిమిషాల్లో నారింజ రంగు తుప్పు మళ్లీ తేలుతుంది. ఆరగానే నూనె గుడ్డతో ఒకసారి రుద్దాలి. క్రోమ్ పూత పెచ్చులు లేచిన చోట గ్లౌజు లేకుండా రుద్దొద్దు, ఆ పెచ్చులు బ్లేడులా తెగుతాయి.

దొరికిన నట్లూ బోల్టులూ డబ్బాలో వేసుకోవచ్చు, సీసా స్టాండుకో మడ్‌గార్డుకో పనికొస్తాయి. తల మీద 8.8, 10.9 అని బలం చెప్పే అంకె ఉన్నా సరే, బ్రేకుకి, హ్యాండిల్‌ని పట్టి ఉంచే చోటికి మాత్రం రోడ్డు మీద దొరికిన బోల్టు వాడకూడదు. అది ఊడి పడిందో, సాగిపోయి తెగిందో పైనుంచి చూస్తే తెలియదు.

గ్లౌజు. అరచేతి వైపు తోలు, దాని మీద టైరు గీతలు అడ్డంగా అచ్చుపడ్డాయి, బొటనవేలు బురదకి కట్టెలా బిగుసుకుపోయింది. లోపలి బట్ట మాత్రం పొడిగా ఉంది. అంటే బహుశా రాత్రి మంచుకి ముందు పడింది కాదు, పొద్దున్నే పడి ఉంటుంది. ఎప్పుడూ ఒక్కటే దొరకడానికి కారణం మామూలే: రెండూ విప్పి సీటు మీదో జేబు అంచునో పెడతారు, ఒకటి జారాక రెండోది చేతికి తగిలి ఆగుతుంది. ఒంటి గ్లౌజుని ఇంటికి తెచ్చుకుంటే ఎవరికీ ఉపయోగం లేదు. దగ్గర్లో ఉన్న స్తంభానికో కంచె కర్రకో, పడిన వైపే, వేళ్లు పైకి ఉండేలా తొడగాలి. వెతుక్కుంటూ వచ్చేవాడికి దూరం నుంచే చెయ్యెత్తి పిలిచినట్టు కనిపిస్తుంది.

తాళంచెవులకైతే ఇది ఇంకా గట్టి నియమం. పోగొట్టుకున్నవాడు వచ్చిన దారినే వెనక్కి నడుస్తాడు, కాబట్టి పడిన చోటు నుంచి నాలుగడుగులకి మించి కదపకూడదు. ఇవాళ్టి గుత్తిని పక్కనే ఉన్న సూచిక బోర్డు బోల్టుకి, కంటి ఎత్తులో తగిలించి వచ్చేయడమే సరైన పని. దానికి చీటీ, చిరునామా ఏమీ లేవు. అదే గుత్తికి ఇంటి చిరునామా ఉంటే, లేదా పక్కనే ఆ తాళానికి సరిపోయే బండి నిలిపి ఉంటే, బయట వేలాడదీయడం దొంగని పిలవడమే. అప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి, దొరికిన చోటూ సమయమూ రాయించాలి.

ఫోను దొరికితే ఆపెయ్యొద్దు, సిమ్ తియ్యొద్దు. యజమాని ఇంకో ఫోన్ నుంచి దాన్ని వెతకాలన్నా, రింగు చెయ్యాలన్నా అది నెట్‌వర్క్‌లో ఉండాలి. లాక్ తెర మీద అత్యవసర కాల్ నొక్కితే, వాళ్లు ముందే పెట్టుకుని ఉంటే, ఇంట్లోవాళ్ల నంబరు దొరుకుతుంది. తడిసి ఉంటే చార్జింగ్ పెట్టొద్దు. పర్సుని రోడ్డు మీద తిరగేసి లెక్కలు చూడకుండా అలాగే అప్పజెప్పాలి. అందులోని కార్డుల ఫొటోలు నలుగురికీ పంపడం మేలు చేసినట్టు కనిపించే కీడు. ఎవరైనా నాదేనని వస్తే, బయటికి కనిపించని ఒక గుర్తు అడగాలి.

సాగే తాడుని చూడగానే ఆశ పుడుతుంది, కానీ ముందు కొక్కెం చూడాలి. వంపు కొంచెమైనా విప్పారితే బరువు మీద జారుతుంది, జారిన కొక్కెం నేరుగా కంటికే వస్తుంది. పైనున్న అల్లిక చిరిగి లోపలి రబ్బరు పోగులు బయటపడితే ఇక సాగదీయొద్దు. ఇవాళ్టిదానికి రెండు తప్పులూ ఉన్నాయి, కొక్కేలు కోసేస్తే ఉత్త తాడుగా మిగిలింది.

సూదులు, ఉబ్బిన బ్యాటరీలు, ద్రవం ఉన్న సీసాలు, మూతి కట్టిన సంచులు ముట్టుకోవద్దు. వీటి మీద ఇంకేం చెప్పక్కర్లేదు.

వద్దన్నా దొరికేది మాత్రం లారీ టైరు తీగ. పేలిన టైరు పెచ్చుల్లోంచి అర మిల్లీమీటరు కూడా లేని ఉక్కు తీగలు రాలి ఇసుకలో కలుస్తాయి. అవి మేకులా ఒక్కసారిగా గాలి తీయవు. టైరులో గుచ్చుకుని, తిరిగిన కొద్దీ లోపలికి పోయి, ఏ అరగంటకో చక్రం మెత్తబడుతుంది. ట్యూబు మార్చి తీగని టైరులోనే వదిలేస్తే కొత్త ట్యూబుకి అదే చోట మళ్లీ పంచరు. అందుకే ట్యూబు విప్పేటప్పుడు వాల్వు ఎక్కడుందో టైరు మీద గుర్తు పెట్టుకోవాలి. ట్యూబు చిల్లు వాల్వుకి ఎంత దూరంలో ఉందో చూసి, టైరు మీద వాల్వుకి అటూ ఇటూ అంతే దూరంలో వెతకాలి. వేలితో తడమొద్దు, నూలు గుడ్డతో లోపల తుడిస్తే తీగకి పోగు చిక్కుకుంటుంది. టైరుని ఆ చోట వెనక్కి మడిచి, మొన ఎటు పొడుచుకొస్తే అటు నుంచి పట్టకారుతో లాగాలి. పట్టకారు లేకపోతే గోళ్ల కత్తెర పని చేస్తుంది, కాకపోతే గట్టిగా నొక్కితే తీగ మొదట్లో తెగి లోపలే ఉండిపోతుంది.

సైకిల్ వాళ్లు పారేసుకునేవీ తక్కువేం కాదు. సంచి గుడ్డకి క్లిప్పు పెట్టి తగిలించిన వెనక లైట్లే ఎక్కువ, ఆ తర్వాత నీళ్ల సీసాలు. లైటుని సీటు కింది కడ్డీకి బిగించి, పాత ట్యూబు నుంచి వేలెడు వెడల్పున కోసిన రబ్బరు వలయం దాని మీదుగా ఒకటి వెయ్యాలి. సీసా స్టాండు బోల్టులు రెండూ నెలకోసారి తిప్పి చూడాలి. పైది వదులైతే సీసా ఊగి, ఆ ఊపుకి రెండోది కూడా విప్పుకుంటుంది.