ఎనిమిది దాటాక

వృద్ధులను చూసుకునే మా కేర్ హోమ్‌లో రాత్రి షిఫ్టు సరిగ్గా ఎనిమిదికి మొదలవుతుంది. పగటి షిఫ్టువాళ్లు కోట్లు తొడుక్కుంటూ ఉండగా మేము నిలబడి హ్యాండోవర్ వింటాం. ఏ గదిలో ఎవరు భోజనం సరిగా చేయలేదు, ఎవరిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మింగడం కష్టమైనవాళ్లలో ఎవరి నీళ్లలో చిక్కదనం కోసం పొడి కలపాలి, అన్నీ చెప్పి వాళ్లు వెళ్లిపోతారు. చలికాలంలో అప్పటికి మా ఊళ్లో రాత్రి ఒంటిగంటన్నర. గుంటూరు జిల్లాలో మా అమ్మ పక్కన మా పాప నిద్రపోతూ ఉంటుంది. తెల్లవారి ఎనిమిదికి నేను బయటపడేసరికి అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, పాప బడిలో ఉంటుంది. మా ఇద్దరికీ తీరికగా మాట్లాడుకునే రోజు ఆదివారం ఒక్కటే.

నేను ఇంగ్లండులోని యార్క్ నగరానికి 2024 ఆగస్టులో వచ్చాను. ఆ ఏడాది మార్చి 11 నుంచి కేర్ వర్కర్ వీసా మీద కొత్తగా వచ్చేవాళ్లు భర్తనూ పిల్లలనూ వెంట తెచ్చుకోకూడదన్న నిబంధన అమలులోకి వచ్చింది. అయిదు నెలల తేడాతో మా సంసారం రెండు దేశాల పాలైంది. అక్కడ ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు నర్సుగా చేశాను. ఇక్కడ నర్సుగా నమోదయ్యే పరీక్షలు పూర్తయ్యేదాకా కేర్ అసిస్టెంటునే. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది ఒక చాక్లెట్ పెట్టె గురించి. దాని పేరు ఆఫ్టర్ ఎయిట్, అంటే ఎనిమిది దాటాక.

నాకు అప్పగించిన గదుల్లో చివరిదానిలో ఒక పెద్దావిడ ఉంటారు. ఎనభై దాటాయి. డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. ఇక్కడ ఎంత పెద్దవాళ్లనైనా పేరు పెట్టే పిలవాలి, అదే మర్యాద. ఆవిడను పేరు పెట్టి పిలవడానికి నెల రోజులదాకా నాకు నోరు రాలేదు. మనసులో మాత్రం అమ్మమ్మగారనే అనుకుంటాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఆవిడ నన్ను ‘లవ్’ అంటారు. ఈ యార్క్‌షైర్ ప్రాంతంలో బస్సు డ్రైవరు కూడా ఎక్కినవాళ్లను అలాగే పలకరిస్తాడు. మన దగ్గర ముక్కూ మొహం తెలియని పిల్లను ‘అమ్మా’ అన్నట్టు.

అమ్మమ్మగారికి రాత్రుళ్లు నిద్ర పట్టదు. మంచానికి అడ్డంగా ఉండే బల్ల మీది పెట్టెలోంచి టిష్యూ కాగితం ఒకటి లాగుతారు. చతురస్రంగా మడుస్తారు. బొటనవేలితో అంచు నొక్కి, ఎడమచేతి పక్కన నిలబెడతారు. దాని వెనక ఇంకొకటి, దాని వెనక మరొకటి. అవి నిలబడవు, వాలిపోతాయి. ఆవిడ మళ్లీ సర్దుతారు. నేనూ అందరిలాగే నెలల తరబడి చార్టులో రాశాను: నిద్ర లేదు, చేతులు ఊరికే కదుపుతున్నారు.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆవిడ కూతురు చాక్లెట్ పెట్టె తెచ్చారు. ముదురు ఆకుపచ్చ అట్టపెట్టె, దాని మీద పాతకాలపు గడియారం బొమ్మ. మూత తీస్తే లోపల, ఆఫీసు బీరువాలో ఫైళ్లలాగా, సన్నని ముదురు రంగు కాగితపు కవర్లు వరుసగా నిలబడి ఉన్నాయి. ఒక్కో కవరులో పలచటి చదరపు చాక్లెట్ బిళ్ల. అప్పటికే ఎవరో నాలుగయిదు తిని, ఖాళీ కవర్లను తిరిగి లోపలే పెట్టారు. ఈ పెట్టె ఉన్న ప్రతి ఇంట్లోనూ అంతేనట. అమ్మమ్మగారు పెట్టెను ఒళ్లోకి తీసుకుని చూపుడువేలును కవర్ల అంచుల మీదుగా ఒక్కసారి జరిపారు, అంతే. కళ్లతో చూడకుండానే ఖాళీవి ఒక్కొక్కటీ పట్టి బయటికి తీశారు. మిగిలినవాటిని రెండు అరచేతుల మధ్య తట్టి నిటారుగా చేశారు. ఆ చేతుల్లో వణుకు లేదు.

“అమ్మ ఫ్యాక్టరీలో ఈ చాక్లెట్ల లైను మీదే పనిచేసింది, మీకు తెలియదా?” అన్నారు కూతురు.

ఆ రాత్రి నేను చార్టులో ‘ఊరికే’ అన్న మాట రాయలేకపోయాను.

ఆఫ్టర్ ఎయిట్ 1962లో ఈ యార్క్‌లోనే పుట్టింది, రౌన్‌ట్రీ కంపెనీలో. హెన్రీ ఐజాక్ రౌన్‌ట్రీ 1862లో ఒక కోకో వ్యాపారాన్ని కొనుక్కున్నాడు. 1869లో అన్న జోసెఫ్ వచ్చి చేరాక అది నిలదొక్కుకుంది. వాళ్లు క్వేకర్లు, మద్యానికి దూరంగా ఉండే క్రైస్తవులు. కోకో వాళ్లకు వ్యాపారమే కాదు, సారాకు బదులు జనం చేతికి అందించదగ్గ పానీయం కూడా. జోసెఫ్ కొడుకు సీబోమ్ యార్క్‌లో పనివాళ్ల ఇల్లిల్లూ లెక్క తీయించి, ఊళ్లో నూటికి ఇరవై ఎనిమిది మంది పేదరికంలో ఉన్నారని 1901లో పుస్తకం వేశాడు. ఫ్యాక్టరీకి దగ్గర్లో న్యూ ఇయర్స్‌విక్ అనే ఆదర్శ గ్రామాన్ని కట్టించారు. 1906లో పనివాళ్లకు పింఛను పథకం పెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన తమ ఉద్యోగుల స్మృతిగా 1921లో నగరానికి ఒక పార్కు ఇచ్చారు. సెలవు రోజున నేను వెళ్లి కూర్చునేది అక్కడే. ఊజ్ నది పక్కనే ఉంటుంది, బాతులు దగ్గరకు వస్తాయి. యజమానుల దయ మీద నాకు అంత తొందరగా నమ్మకం కుదరదు. కానీ వందేళ్ల నాటి ఆ పార్కులో కూర్చున్నప్పుడు, పనిచేసేవాళ్లను మనుషులుగా లెక్కపెట్టిన చోటు ఇది అనిపిస్తుంది.

కిట్‌కాట్ 1935లో, స్మార్టీస్ 1937లో అక్కడినుంచే వచ్చాయి. మన కిరాణా కొట్లలో దొరికే చిల్లు బిళ్ల పోలో కూడా 1948లో రౌన్‌ట్రీవాళ్లు తెచ్చిందే. అది తెలిసిన రోజున, చిన్నప్పుడు ఆ చిల్లులో నాలుక కొన దూర్చి వీధంతా తిరిగిన నాకు, ఈ ఊరు కొంచెం తెలిసిన ఊరైంది.

బిళ్ల కొరికితే లోపలి తెల్లటి పుదీనా ముద్ద మెత్తగా, దాదాపు కారేటట్టు ఉంటుంది. అంత పలచటి చాక్లెట్ రేకుల మధ్య దాన్ని ఎలా నింపారో నాకు అంతుపట్టలేదు. తెలుసుకుంటే, నింపడమన్నదే లేదు. పిప్పరమెంటు నూనె కలిపిన పంచదార ముద్దను గట్టిగా ఉండగానే పలచటి చదరాలు చేసి, దాని మీద కరిగిన చాక్లెట్ పూత వేస్తారు. ముద్దలో ముందే ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ కలుపుతారు. చాక్లెట్ బిగుసుకున్నాక అది లోపల నెమ్మదిగా పంచదారను గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడుతుంది. ఆ రెండూ పంచదారకంటే తేలిగ్గా నీళ్లలో కరుగుతాయి కనుక, కొన్ని రోజుల్లో ముద్ద మెత్తబడిపోతుంది. మా అమ్మ గులాబ్ జామూన్ పాకం గడ్డకట్టకుండా నిమ్మచెక్క పిండుతుంది. నిమ్మ పులుపు వేడి పాకంలో చేసేదీ ఇదే పని. ఆఫ్టర్ ఎయిట్‌ను రూపొందించినవారిలో ముందుగా చెప్పే పేరు బ్రయాన్ సోలిట్‌ది. చిన్న వయసులోనే రౌన్‌ట్రీలో చేరి జీవితమంతా మిఠాయిలతోనే గడిపిన మనిషి. 2013లో చనిపోయాడు.

ఈ శాస్త్రమంతా తెలియకుండానే అమ్మమ్మగారికి తెలుసు. “మా దగ్గరికి వచ్చేటప్పుడు గట్టిగా ఉండేవి, లవ్. మెత్తబడేది మీ ఇళ్లకు వెళ్లాకే” అన్నారు ఒక రాత్రి. ఇప్పుడు ఆవిడకు మింగడం కొంచెం కష్టం. కేర్ ప్లాను చూసి, నర్సును అడిగి, ఆవిడను నిటారుగా కూర్చోబెట్టి సగం బిళ్ల ఇస్తాను. నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. నమలరు. చాక్లెట్ కరిగి పుదీనా చల్లదనం ముక్కుకు తగిలినప్పుడు చిన్నగా తల ఊపుతారు, సరుకు బాగానే ఉందన్నట్టు.

అరవైల నాటి టీవీ ప్రకటనల్లో ఈ బిళ్లలు పెద్దింటి భోజనాల బల్ల మీద కనిపించేవి. కొవ్వొత్తుల వెలుగు, నల్ల కోట్లు, నగలు. రాత్రి భోజనం ముగిసి ఎనిమిది దాటాక, తీరిక ఉన్నవాళ్లు ఒకరికొకరు అందించుకునే మిఠాయి అని ఆ పేరే చెబుతుంది. మామూలు ఉద్యోగస్థులు ఒక పెట్టె కొనుక్కుంటే, ఆ పూటకు ఆ బల్ల దగ్గర తామూ కూర్చున్నట్టే. అమ్మకం అలా సాగింది.

“మరి మీరు ఎనిమిది దాటాక ఏం చేసేవారు?” అని అడిగాను.

ఆవిడ నన్ను వింతగా చూశారు. “లైను మీదే ఉండేదాన్ని. సాయంత్రం షిఫ్టు కదా. ఆయన వచ్చి పిల్లలను చూసుకునేవాడు, నేను వెళ్లేదాన్ని.” కాసేపాగి, “జుట్టంతా పుదీనా వాసన. ఎన్నిసార్లు కడిగినా పోయేది కాదు” అన్నారు.

నేను ఆవిడ దుప్పటి సర్దుతున్నాను. అప్పుడు టైము తొమ్మిదిన్నర. ఈ ఊళ్లో నా పని గురించి వివరంగా చెప్పకుండానే అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆవిడే.

ఆఫ్టర్ ఎయిట్ తయారీ యార్క్‌లో ఎన్నాళ్లో సాగలేదు. 1970లో యార్క్‌షైర్‌లోనే ఉన్న కాసిల్‌ఫర్డ్ అనే ఊరికి తరలించారు, ఆవిడ వేరే విభాగానికి మారారు. 1988లో స్విట్జర్లాండుకు చెందిన నెస్లే 255 కోట్ల పౌండ్లకు మొత్తం కంపెనీని కొనేసింది. కొననివ్వకూడదని ఊరంతా ఆందోళన చేసినా ఆగలేదు. 2012లో కాసిల్‌ఫర్డ్ ఫ్యాక్టరీ కూడా మూతపడి, తయారీ అదే ప్రాంతంలోని హాలిఫాక్స్‌కు వెళ్లింది. యార్క్‌లో రౌన్‌ట్రీ ఫ్యాక్టరీ ఉన్న హాక్స్‌బీ రోడ్డులో కిట్‌కాట్లు ఇప్పటికీ తయారవుతున్నాయి కానీ, పాత ఎర్ర ఇటుకల కట్టడంలో ఫ్లాట్లు వచ్చాయి. కొన్ని ఉదయాలు డ్యూటీ దిగి ఆ దారిన వెళ్తుంటే గాలిలో వేయించిన కోకో వాసన వస్తుంది. నిద్రలేని కళ్లకు ఆ వాసన ఎంత ఊరటో చెప్పలేను.

క్రిస్‌మస్‌కు కుటుంబాలవాళ్లు స్టాఫుకు ఇచ్చిన పెట్టెల్లో నా వంతుకు ఒక ఆఫ్టర్ ఎయిట్ వచ్చింది. జనవరిలో విజయవాడ వెళ్తున్న ఒకావిడ చేత దాన్ని పాపకు పంపాను. పాప ఒక బిళ్ల కొరికి, “అమ్మా, పళ్ల పేస్టులా ఉంది” అంది. మా అమ్మ మాత్రం, “మన పిప్పరమెంటు బిళ్లే కదే, పైన చాక్లెట్ పూశారు” అని మిగతావి ఇష్టంగా తిన్నది. ఆ సంగతి చెబితే అమ్మమ్మగారు “పిప్పరమెంటు” అని రెండుసార్లు నెమ్మదిగా పలికారు. ఎక్కడా తడబడలేదు.

పాపకు నచ్చింది కవర్లు. ఒక్కోదానిలో ఒక్కో బొమ్మ స్టిక్కరు పెట్టి, ఖాళీ పెట్టెలో మళ్లీ వరుసగా నిలబెట్టి, మా అమ్మ ఫోనుతో ఫోటో తీసి పంపింది. ఆ రాత్రి మందులు ఇవ్వడం అయ్యాక ఫోటోను అమ్మమ్మగారికి చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూశారు.

“ఎవరు సర్దారు?”

“మా అమ్మాయి. ఆరేళ్లు.”

“మూడోది వంకరగా ఉంది” అన్నారు. గోటితో ఫోను మీద ఆ కవరు అంచును నెమ్మదిగా నెట్టారు. వేలు తగిలి ఫోటో పెద్దదైంది. ఆవిడ ఇంకొకసారి నెట్టారు.