ఆవు వ్యాసం పక్కన పెట్టి, మీ గేదె గురించి రాయమనండి

మూడో తరగతి పిల్లల తెలుగు నోట్సులు తిరగేస్తే చూడముచ్చటగా ఉంటాయి. మార్జిన్ కొట్టి, తేదీ వేసి, గుండ్రటి అక్షరాలతో జవాబులన్నీ ఉంటాయి, వెతికినా తప్పు కనపడదు. అదే పిల్లాడికి తెల్ల కాగితం ఇచ్చి నిన్న సాయంత్రం ఏం చేశావో రాయరా అంటే పెన్సిల్ కదలదు. "బోర్డు మీద రాయండి టీచర్, చూసి రాస్తా" అంటాడు. ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పే నాకు ఇదే పెద్ద దిగులు. చూచిరాత నేర్పేసి, పిల్లలకు రాయడం వచ్చేసిందని మనం అనుకుంటున్నాం.

చూచిరాత వద్దని నేననను. ఒకటి, రెండు తరగతుల్లో చెయ్యి తిరగాలంటే అది ఉండాల్సిందే. కానీ అక్కడే ఆగిపోతున్నాం.

ఆవు వ్యాసమే తీసుకోండి. "ఆవు సాధు జంతువు, దానికి నాలుగు కాళ్లు, రెండు కొమ్ములు, ఒక తోక ఉంటాయి" అని మన నాన్నల కాలం నుంచీ రాస్తూనే ఉన్నాం. ఇంట్లో గేదె ఉన్న పాప కూడా గైడు చూసి ఆవు గురించే రాస్తుంది. ఆ పాపను పక్కన కూర్చోబెట్టుకుని మీ గేదె పాలు ఎవరు పిండుతారమ్మా, దూడకి ఎన్ని వదులుతారు, ఎప్పుడైనా తన్నిందా అని అడిగి చూడండి, అమ్మ చెయ్యి వేస్తేనే చేపుతుందనీ, నాన్న దగ్గరికెళ్తే కాలు విసురుతుందనీ ఆగకుండా చెబుతుంది. అందులోంచి గేదె, దూడ, తన్నింది అని మూడు మాటలు బోర్డు మీద పెట్టి, ఇప్పుడు నాకు చెప్పిందే రాయి అంటే రాస్తుంది. నాలుగు వాక్యాలే రావచ్చు, కానీ ఆ నాలుగూ తనవి. ముందు నోటితో చెప్పించడం, తర్వాత రాయించడం, ఇంతకు మించి నా దగ్గర వేరే పద్ధతి లేదు.

ఇక తప్పుల సంగతి. గుణింతాలు బాగా వచ్చిన పిల్లలు కూడా ఒత్తుల దగ్గర తడబడతారు, అది వాళ్ల అశ్రద్ధ కాదు. త, న, మ, య, ర, ల ఒత్తులకీ ఆ అక్షరాలకీ అసలు పోలికే ఉండదు. దానికి తోడు "వస్తాడు" అన్నప్పుడు దీర్ఘం చెవికి త మీద వినపడుతుంది, రాసేటప్పుడు మాత్రం స మీద పెట్టాలి, త పోయి దాని కింద చేరాలి! పిల్లాడు "వసతాడు" అని రాశాడంటే విన్నది విన్నట్టు రాశాడన్నమాట. దానికి పదిసార్లు ఇంపోజిషన్ ఇస్తే చెయ్యి నొప్పి పుడుతుందే గానీ విషయం బుర్రకెక్కదు. వస్తా, చేస్తా, చూస్తా అని ఒకే రకం మాటలు పక్కపక్కన రాయించి, పైకి పలికించి, ఏ అక్షరం కిందికెళ్లిందో, దీర్ఘం ఎక్కడ పడిందో వేలితో చూపించమనండి. వారానికి ఒక్క ఒత్తు చాలు, తొందరేం లేదు. ఇంకో చిన్న విషయం, ఇరుకు గీతల నోట్సులో పైలైను ఒత్తు వచ్చి కిందిలైను గుడికి తగులుకుంటుంది, కాబట్టి ఒక గీత వదిలి ఒక గీత రాయించండి.

మొదటిసారి రాసినదాన్ని ఎర్ర పెన్నుతో నింపొద్దు. ఏదో ఒక రకం తప్పు చూపించండి, మిగతావి తర్వాత. "మేం పొద్దుగాల పొలం కాడికి పోయినం" అని రాస్తే దాన్ని కొట్టేయకండి, అది తప్పు కాదు, వాళ్లింటి భాష. పుస్తకం భాష నాలుగు, ఐదు తరగతులకొచ్చేసరికి దాని పక్కన చేరుతుంది. ఇంటి మాటే తప్పని మొదట్లోనే అంటే ఆ పిల్ల ఇక నోరు విప్పదు.

2021లో కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మొదలైంది, 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి బిడ్డకీ చదవడం, రాయడం, లెక్కలు రావాలన్నది లక్ష్యం. తెలంగాణలో 2022లో ఇలాంటిదే తొలిమెట్టు అనే రాష్ట్ర ప్రభుత్వ కార్యక్రమం వచ్చింది. రెండూ అవసరమైన పనులే. కాకపోతే నిమిషానికి ఎన్ని మాటలు చదివాడో లెక్కపెట్టడం తేలిక, పిల్లాడు సొంతంగా ఏం రాశాడో చూడాలంటే కూర్చుని చదవాలి. పిల్లలకు చదువు ఎంత వచ్చిందో చూడటానికి ఇంటింటికీ తిరిగే అసర్ సర్వేలో కూడా ప్రధానంగా చూసేది చదవడం, లెక్కలే. అందుకే సొంతరాత వెనకబడుతోందని నా అభిప్రాయం.

అమ్మానాన్నలు కూడా చేయగలిగింది ఉంది, దానికి వర్క్‌బుక్కులు కొనక్కర్లేదు. కిరాణా సరుకుల చీటీ పిల్లలతో రాయించండి. మీరు చెబుతూ ఉండండి, వాళ్లు రాస్తారు. శనగపప్పు కాస్తా "సెనగపపు" అయినా దిద్దకుండా అదే చీటీ ఇచ్చి కొట్టుకి పంపండి, కొట్టు ఆయన చదివి సరుకు కట్టిస్తే తన రాత ఎదుటివాళ్లకి అర్థమైందని ఆ పిల్లకి తెలుస్తుంది. ప కింద ప ఒత్తు సంగతి మర్నాడు చూసుకోవచ్చు.