పాలు పట్టే వేళ వేడిగాలి

కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడిలో రబీ అంటే శనగ, జొన్నే. గోధుమ చేను దాదాపు కనిపించదు. అయినా ఆలస్యంగా విత్తితే గింజ ఏమవుతుందన్న సందేహం తీర్చుకోవడానికి కిందటేడు మిద్దె మీద కుండీల్లో గోధుమ విత్తాను. సగం కుండీల్లో నవంబరు మొదట్లో, మిగతా సగంలో డిసెంబరు చివర్లో వేశాను. రెండూ పండాక కంకులు అరచేతిలో నులిమి చూస్తే, ముందు విత్తిన గింజలు ఓ మోస్తరుగా నిండాయి. ఆలస్యంగా విత్తినవి నడుమ గాడి లోతుగా దిగి, జీలకర్రలా సన్నగా రాలాయి. మా పెద్దనాయన వాటిని వేళ్లతో కెలికి, "పాలు పట్టేటప్పుడు వేడిగాలి తగిలింది నాయనా, ఇంక గింజ యాడ ఊరుతాది?" అన్నాడు.

ఆ మాటలో శాస్త్రం ఉంది. గింజ నిండే రోజుల్లో వేడి 30 డిగ్రీలు దాటితే, చక్కెరను పిండిగా మార్చే స్టార్చ్ సింథేజ్ అనే ఎంజైము మందగిస్తుంది. ఆకులో గాలిలోని కార్బన్‌ను పట్టే రూబిస్కో అనే ఎంజైమును చురుగ్గా ఉంచే యాక్టివేజ్ అనే ప్రోటీను కూడా దెబ్బతింటుంది. ఆకు ముందే పండిపోయి, గింజ నిండే గడువు తగ్గిపోతుంది. 2022 మార్చి, 1901 నుంచి మన దేశంలో నమోదైన మార్చి నెలలన్నిటిలోకీ వేడిగా గడిచింది. ఉత్తరాదిన గింజ ముడుచుకుంది, మే 13న కేంద్రం గోధుమ ఎగుమతులు నిషేధించింది.

దీనికి విత్తనంలోనే మందు వెతికేవారికి రెండు దారులున్నాయి. మొదటిది ఎండను తప్పించుకోవడం. అక్టోబరులోనే విత్తితే మార్చి వేడికి ముందే గింజ నిండుతుంది గానీ, ఆ వెచ్చదనానికి మామూలు రకాలు తొందరపడి కంకి వేస్తాయి. అందుకే కొంత చలి తగిలాకే పూతకు వచ్చేలా చేసే వర్నలైజేషన్ జన్యువులను ఎంచి, ముందస్తు విత్తనానికి తగిన రకాలు తయారుచేస్తున్నారు. నా కుండీల్లో తేడా తెచ్చినదీ విత్తిన తేదీయే.

కానీ తప్పించుకోవడం వేరు, తట్టుకోవడం వేరు. ఫిబ్రవరిలోనే ఎండ ముదిరితే మొదటి దారి మూసుకుపోతుంది కనుక నా ఆశ రెండో దారి మీదే. అది కష్టమైనది, ఎందుకంటే తట్టుకునే గుణం ఒక్క జన్యువుది కాదు: పైరు చల్లగా ఉండటం, ఆకు పచ్చగా నిలవడం, కాండంలో దాచిన చక్కెర గింజకు చేరడం, అన్నీ కలవాలి. పైగా రొట్టె గోధుమలో మూడు పూర్వీకుల నుంచి వచ్చిన 42 క్రోమోజోములున్నాయి, చాలా జన్యువులకు మూడేసి ప్రతులు. ఒకటి మారినా మిగతావి ఆ మార్పును కప్పేస్తాయి.

ఆ పూర్వీకుల్లో ఒకటైన ఈజిలాప్స్ టౌషీ అనే అడవి గడ్డి వేల ఏళ్ల కిందట కాస్పియన్ ప్రాంతంలో సాగు గోధుమతో కలిసింది. ఆ కలయికలోకి గడ్డిలోని వైవిధ్యం కొద్దిగానే వచ్చింది, మిగతాదంతా బయటే ఉండిపోయింది. మెక్సికోలోని సిమ్మిట్ (అంతర్జాతీయ మొక్కజొన్న, గోధుమ పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు పాస్తాకు వాడే డ్యూరమ్ అనే గట్టి గోధుమను ఆ గడ్డితో మళ్లీ సంకరపరిచి, దాని వారసత్వాన్ని మేలు రకాల్లోకి తెచ్చారు. అక్కడి సొనోరా ఎడారి పొలాల్లో 149 గోధుమ వంశాలను పరీక్షించి 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, గడ్డి జన్యువులున్న వంశాల్లో కొన్ని తీవ్రమైన వేడిలో అవి లేని మేలు రకాల కంటే 50 శాతం దాకా ఎక్కువ దిగుబడినిచ్చాయి, చల్లని కాలంలో విత్తినప్పుడు వాటికంటే తగ్గనూ లేదు.