నాగా పడని సోమవారం

2014 జూలైలో పట్టుకున్న దగ్గు రెండు నెలలైనా నన్ను వదలలేదు. అప్పటికి నాకు 20 ఏళ్లు. డిగ్రీ చదువుతూ, విశాఖపట్నం వన్‌టౌన్‌లో బురుజుపేట దగ్గరున్న అమ్మమ్మ పెంకుటింట్లో ఉండేదాన్ని. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది, రాత్రి పట్టిన చెమటకు దిండు తడిసిపోయేది, అన్నం సహించేది కాదు. మేము చూపించుకున్న వైద్యుడు మూడుసార్లు దగ్గు మందు మార్చి ఇచ్చాడే తప్ప కఫం పరీక్ష మాట ఎత్తలేదు. ఎత్తింది అమ్మమ్మ. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం చూపించాలని మా వీధి అంగన్‌వాడీ కార్యకర్త చెప్పగా విని, మర్నాడే నన్ను ప్రభుత్వాసుపత్రికి తీసుకువెళ్లింది. అక్కడికక్కడ ఒకటి, మరునాడు పరగడుపున ఒకటి, రెండు నమూనాలు ఇచ్చాను. రెండింటిలోనూ క్షయ క్రిములు కనిపించాయి.

ఆ మాట విన్నప్పుడు అమ్మమ్మ ఏడవలేదు. ఇంటికి వచ్చి, నా మంచాన్ని చీకటి గదిలోంచి వీధి వైపు గదిలోకి మార్చి, రెండు కిటికీలూ తెరిచింది. ఆ రాత్రే, తన జీవితంలో ఒకే ఒక్కసారి, వాళ్ల అక్క సంగతి నాకు చెప్పింది. విజయనగరం దగ్గరి పల్లెలో, అమ్మమ్మకు పదేళ్లున్నప్పుడు, ఆ అక్కకు ఇదే జబ్బు వస్తే పెద్దలు ఆమెను పశువుల శాలలో ఉంచారట. గంజి ముంత గడప దగ్గర పెట్టి వెనక్కి చూడకుండా వచ్చేయమని అమ్మమ్మకు చెప్పారట. అక్క ఎప్పుడు పోయిందో కూడా ముంత ఖాళీ కానప్పుడే తెలిసిందట. ఇది చెప్పి అమ్మమ్మ దీపం తీసేసింది. బంధువులు మా గుమ్మం తొక్కడం మానేసినా, నా కంచం వేరుగా కడగమని ఎవరెంత చెప్పినా, ఆమె ఎందుకు వినలేదో నాకు ఆ రాత్రి అర్థమైంది. ఈ జబ్బు గాలిలో దగ్గు తుంపరల వల్ల అంటుతుంది గానీ కంచాల వల్ల అంటదని ఆసుపత్రిలో చెప్పారు. అమ్మమ్మ ఆ మాటను వచ్చినవాళ్లందరికీ అప్పజెప్పేది. తానూ పరీక్ష చేయించుకుంది. నా నోటికి కట్టుకోవడానికి తన పాత నేత చీర చించి, ఉడకబెట్టి, ముక్కలుగా మడిచి ఇచ్చింది.

సెప్టెంబరు 15, సోమవారం నాడు మందు మొదలైంది. అప్పట్లో క్షయ మందును రోజు విడిచి రోజు, సోమ, బుధ, శుక్రవారాల్లో, కార్యకర్త కళ్లెదుటే మింగాలి. మొత్తం ఆరు నెలల మందూ రోగి పేరుతో ఒకే ఎర్ర పెట్టెలో వచ్చేది. మొదటి రెండు నెలలూ ఒక్కో మోతాదుకు ఒక గుళిక, ఆరు బిళ్లలు. మింగిన రోజు మూత్రం నారింజ రంగులో వచ్చేది, కడుపులో తిప్పేది, కీళ్లు సలిపేవి. ఆసుపత్రివాళ్లకు చెప్పి, నొప్పి బిళ్ల తెచ్చుకున్నాక కూడా అమ్మమ్మ రాళ్ల ఉప్పు వేయించి మూటకట్టి నా మోకాళ్లకు కాపడం పెట్టేది.

అమ్మమ్మ జీవితమంతా ఆ వంటింట్లోనే గడిచింది. పోర్టులో కలాసీగా పనిచేసిన తాతయ్య జీతంతో ఐదుగురు పిల్లలను పెంచిన మనిషికి, ఏ వస్తువును ఎంతకాలం ఎలా సరిపెట్టాలో వేరే చెప్పనక్కరలేదు. 38 కిలోలకు పడిపోయిన నన్ను నిలబెట్టడానికి ఆమె ఎంచుకున్నవన్నీ ఆ ఇంట్లో ఎప్పటినుంచో ఉన్నవే. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం గుడ్డు, రాత్రి పప్పు, వారానికి రెండుసార్లు నెత్తళ్ల పులుసు. నెత్తళ్లకు తానే ఫిషింగ్ హార్బర్ వరకూ నడిచి వెళ్లేది. అంబలి చల్లారాక మజ్జిగ కలిపి, చిన్న ఉల్లిపాయను గుప్పిటతో చితక్కొట్టి పక్కన పెట్టేది. నేను తాగేదాకా ఎదురుగా ముక్కాలి పీట మీద కూర్చునేది. బతిమాలేది కాదు, కసిరేదీ కాదు, అలా కూర్చునే ఉండేది.

అక్టోబరు 12, ఆదివారం హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీదే తీరం దాటింది. ఉదయమంతా పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే మేమిద్దరం వంటింటి మూలలో పరుపు కప్పుకొని కూర్చున్నాం. మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకున్నాం, కానీ అది తుఫాను కన్ను. తర్వాత గాలి రెండో వైపు నుంచి మరింత ఉధృతంగా కొట్టింది. తెల్లవారేసరికి కరెంటు లేదు, ఫోను లేదు, కొళాయిలో నీళ్లు లేవు. వీధి నిండా చెట్లు, రేకులు, తీగలు. అమ్మమ్మ కుండలో మిగిలిన నీళ్లు ఒక సీసాలో పోసి, చెంబులో అంబలి తీసుకుని, కొంగు బిగించింది.

“ఇయ్యాల సోమారం గదే అమ్మా. మందు నాగా పడకూడదు,” అంది.

తెగిన తీగలను కర్రతో చూపిస్తూ, పడిపోయిన వేపచెట్టు కొమ్మల కిందనుంచి నన్ను వంగి నడిపిస్తూ, ఐదు నిమిషాల దారికి గంట పట్టించింది. కార్యకర్త ఇంటి పైకప్పు సగం ఎగిరిపోయింది. ఆమె మమ్మల్ని చూసి మాట్లాడకుండా లోపలికి వెళ్లి, బియ్యం డబ్బా మూత తీసి, పాలిథిన్ సంచిలో చుట్టిన ఎర్ర పెట్టెను బయటికి తీసింది. ఆ డబ్బాలో నా పెట్టె ఒక్కటే కాదు, నాలుగున్నాయి. నా 13వ మోతాదు ఆ వానబురదలో నిలబడి మింగాను. తర్వాత అమ్మమ్మ ఆమె ఇంటి గోడవారగా కూర్చుని, చెంబులోని అంబలి ముగ్గురికీ పంచింది.

నవంబరులో చేసిన పరీక్షలో క్రిములు లేవు. మార్గశిర మాసం మొదటి గురువారం అమ్మమ్మ నన్ను కనకమహాలక్ష్మి గుడికి తీసుకువెళ్లింది. పైకప్పు లేని ఆ తల్లికి ఎవరి చేత్తో వారే పసుపునీళ్లు పోయవచ్చు. నా చేత్తో పోయించింది. ఇక రెండో దశ మందు 18 వారాలు సాగి, 2015 మార్చిలో ముగిసింది. ఆ రోజు నా బరువు 47 కిలోలు. ఆ అంకెను అమ్మమ్మ వీధిలో కనబడిన ప్రతి ఒక్కరికీ చెప్పింది.

అమ్మమ్మ 2019లో, నిద్రలోనే వెళ్లిపోయింది. ఆమె ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున 2014 క్యాలెండరు దొరికింది. అమ్మమ్మకు చదువు రాదు, పాలలెక్క అంతా దాని మీదే గుర్తులతో పెట్టుకునేది, పాలు రాని రోజు గడిలో బొగ్గుతో అడ్డగీత గీసేది. సెప్టెంబరు 15 నుంచి ప్రతి సోమ, బుధ, శుక్రవారాల గళ్లలో పసుపు బొట్లు ఉన్నాయి. అక్టోబరు కాగితం తడిసి ఉబ్బి ఉంది. 13 నుంచి వరుసగా ఐదు గళ్లలో అడ్డగీతలున్నాయి, పాలు నాగా. వాటిలో 13, 15, 17 గళ్లలో గీత మీద పసుపు బొట్టు ఉంది.